వెబ్‌సైట్, ఒకటి, నీలం రంగు

"ఇస్మాయిలియా పౌరులకు, యావత్ ఈజిప్టు జాతికి తెలియజేయునది ఏమనగా, తిమ్సా సరస్సు గాలం క్లబ్బు వారి వెబ్‌సైట్ పాత సర్వర్ నుండి కొత్త సర్వర్‌కు తరలివెళ్లు చారిత్రక మహాఘట్టం వచ్చే గురువారం సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకు జరగనున్నది. జాతి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నది."

క్లబ్బు గేటుకి ఈ చివర నుంచి ఆ చివరికి కట్టిన పన్నెండు మీటర్ల బ్యానర్ మీద ఈ ప్రకటన ఉంది. కింద క్లబ్బు అధ్యక్షులు, రిటైర్డ్ జనరల్ షౌకత్ దమన్హూరీ గారి ఫోటో. ఫోటోలో ఆయన ఎక్కడో దూరంగా చూస్తున్నారు. సర్వర్ వైపే చూస్తున్నారని సభ్యులు అనుకున్నారు.

రెండు గంటలకే ఎందుకని ఇస్మాయిలియాలో ఎవరూ అడగరు. డెబ్బైమూడు యుద్ధంలో మన సైన్యం సూయజ్ కాలవ దాటింది ఆ టైముకే. జనరల్ గారు ఆ రోజుల్లో కుర్ర లెఫ్టినెంటు. కైరోలో బూట్ల గోడౌన్‌కి ఇన్‌చార్జిగా ఉండి, ఎడమకాలి బూట్లు కుడికాలి బూట్లతో కలిసిపోకుండా దేశాన్ని కాపాడారు. ఆయన అధ్యక్షులయ్యాక క్లబ్బులో ఏ పని మొదలైనా మధ్యాహ్నం రెండింటికే మొదలవుతోంది. ఆఫీసు మూసేది కూడా రెండింటికే కావడం వల్ల చాలా పనులు అక్కడే ఆగిపోతున్నాయి. అది వేరే సంగతి.

ఆదివారం ఉదయం జనరల్ గారు కాన్ఫరెన్స్ హాల్లో సిబ్బందిని ఉద్దేశించి ప్రసంగించారు. టేబుల్ మీద ట్రేలో ఇసుక పోయించారు. ఇసుకలో ఒకవైపు టీ గ్లాసు, రెండోవైపు పంచదార డబ్బా. గ్లాసు పాత సర్వర్. డబ్బా కొత్త సర్వర్. మధ్యలో నీలం రిబ్బను. అది కాలవ.

"శత్రువు మనకోసం కాచుకుని ఉన్నాడు," అన్నారు.

శత్రువెవరో చెప్పలేదు. అసలు జరిగింది ఇంతే. పాత సర్వర్ నడుపుతున్న చిన్న కంపెనీ మూతపడుతోంది. బుధవారం సాయంత్రం ఐదింటికి మెషీన్లు ఆపేస్తున్నాం, ఈలోగా మీ సైట్ తీసుకెళ్లండి అని మర్యాదగా ఈమెయిల్ పెట్టారు.

ఆ ఈమెయిల్ చదివిన ఒకే ఒక్క మనిషి నెర్మీన్. క్లబ్బు కంప్యూటర్ విభాగం అంటే ఆమే. ఆరేళ్లుగా తాత్కాలిక ఉద్యోగిని. మూడు నెలలకోసారి కాంట్రాక్టు అయిపోయేది. అయిపోయిన రోజు తన మగ్గు, తన మౌసు సంచిలో వేసుకుని ఇంటికెళ్లేది. రెన్యూ కాగానే మళ్లీ తెచ్చుకునేది. ఇలా ఆ మౌసు ఇరవై నాలుగుసార్లు ఇంటికెళ్లి వచ్చింది. ఈసారి మాత్రం జనరల్ గారు మాట ఇచ్చారు: గురువారం సైట్ ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే నెర్మీన్ పర్మనెంట్. వాళ్లమ్మ ఈ కబురు అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు దాకా చెప్పేసింది. ఆరో అంతస్తువాళ్లతో మాటల్లేవు కాబట్టి ఆగింది.

ప్రసంగం యాభై రెండు నిమిషాలు నడిచింది. వెనక వరుసలో కూర్చున్న నెర్మీన్ ఒళ్లో లాప్‌టాప్ తెరుచుకుని, ఆ సేపట్లోనే ఫైళ్లన్నీ కొత్త సర్వర్‌కి ఎక్కించేసింది. నలభై నిమిషాలు పట్టింది. మిగిలిన పన్నెండు నిమిషాలు ప్రసంగం విన్నది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు జనరల్ గారు.

"ప్రశ్న కాదు పాషా. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

"సైట్ మార్చడం. ఇప్పుడే. కావాలంటే ఫోన్‌లో చూడండి, కొత్త సర్వర్ నుంచే వస్తోంది."

జనరల్ గారు ఇసుక ట్రే వంక చూశారు. టీ గ్లాసు ఎక్కడున్నది అక్కడే ఉంది.

"గురువారం రెండింటికి కదా దాటాల్సింది?"

"అవును పాషా, కానీ..."

"ఇవాళ ఆదివారం."

"అవును పాషా."

"అంటే ఆర్డరు లేకుండా దాటేశావు. ఒక్కదానివే."

లీగల్ సలహాదారు ఉస్తాద్ రిఫాత్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన అలా చేస్తే ఎవరో ఒకరి ఉద్యోగానికి ఎసరు వస్తుందని క్లబ్బులో అందరికీ తెలుసు. "కమిటీ లేదు. పంచనామా లేదు. సంతకాల్లేవు," అన్నాడు. "అమ్మాయ్, క్లబ్బు ఆస్తిని ఒక చోటు నుంచి ఇంకో చోటికి నీ ఇష్టమొచ్చినట్టు మోసుకుపోవడాన్ని చట్టంలో ఏమంటారో తెలుసా?"

"మైగ్రేషన్ అంటారు సర్."

"దొంగతనం అంటారు."

సోమవారం ఐదుగురు సభ్యులతో తరలింపు కమిటీ ఏర్పడింది. అందులో ముఖ్యులు స్టోర్ కీపర్ హాజీ మిత్వల్లీ. క్లబ్బులో ఉన్న ప్రతి వస్తువూ ఆయన పూచీ. గుండుసూది పోయినా ఆయన జీతంలోంచే పోతుంది. అందుకని ముప్పై ఒక్కేళ్లుగా ఆయన ఎవరికీ గుండుసూది ఇవ్వలేదు. ఆయన రిజిస్టరు తెరిచి, వేలు తడిచేసుకుని, ఒక్కో పేజీ తిప్పి చదివాడు.

"రెండు వందల పదమూడు: టేబుల్ ఫ్యాన్, ఒకటి, రెక్క విరిగినది. రెండు వందల పద్నాలుగు: వెబ్‌సైట్, ఒకటి, నీలం రంగు. రెండు వందల పదిహేను: పడవ తెడ్లు, ఏడు." కళ్లెత్తాడు. "ఏదమ్మా రెండు వందల పద్నాలుగు? చూపించు."

నెర్మీన్ చూపించింది.

"ఇది కొత్త సర్వర్‌లోదా?"

"అవును హాజీ."

"మరి పాత దాంట్లో?"

"అక్కడా ఉంది. మనం కాపీ చేశాం కదా. కాపీ చేస్తే మొదటిది అక్కడే ఉంటుంది."

హాజీ మిత్వల్లీ రిజిస్టరు మూసేశాడు. తర్వాత మెల్లగా తెరిచాడు.

"రెండున్నాయా?"

"ఒక రకంగా రెండు..."

"నా రిజిస్టరులో ఒకటుంది తల్లీ! రెండోది ఎక్కడ నుంచి వచ్చింది? ఎవడు కొన్నాడు? బిల్లేది? తగ్గితే పర్లేదు, పోయిందని రాస్తాం, కోత కోస్తారు, అయిపోతుంది. ఎక్కువైతే? ఎక్కువైందంటే ఎవడో ఎక్కడో ఏదో దాచినట్టు! మా బావమరిది మన్సూరాలో స్టోర్ కీపరు. ఒక బకెట్ ఎక్కువొచ్చిందని ఇప్పటికీ విచారణకి తిరుగుతున్నాడు. పదకొండేళ్లు!"

"హాజీ, ఫైల్ అంటే బకెట్ కాదు. ఎన్ని కాపీలైనా..."

"కాపీ అన్న మాట అనకు," అని ఉస్తాద్ రిఫాత్ అందుకున్నాడు. "ఒరిజినల్ అధికారుల ఆధీనంలో ఉండగా అనుమతి లేకుండా కాపీ తీయడం వేరే సెక్షను."

తర్వాత కమిటీ ఫైళ్లు లెక్కపెట్టింది. నెర్మీన్ ఒక్క కమాండ్ కొడితే సంఖ్య వచ్చేస్తుంది. కానీ కంప్యూటర్ కమిటీ సభ్యురాలు కాదు గనక దాని లెక్క చెల్లలేదు. ఐదుగురూ స్క్రీన్ ముందు కూర్చుని, హాజీ వేలితో చూపిస్తుంటే ఒక్కొక్కటే పైకి చదివారు. మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి ఫలాఫెల్ శాండ్‌విచ్‌లు వచ్చాయి. నమాజుకి వెళ్లొచ్చి ఎక్కడ ఆపామో మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టారు. పాతదాంట్లో మూడు వేల నాలుగు వందల పన్నెండు. కొత్తదాంట్లో మూడు వేల నాలుగు వందల పదమూడు.

"పిల్లలు కూడా పెడుతోంది!" అన్నాడు హాజీ.

"ఆ ఎక్కువది లాగ్ ఫైల్. సర్వర్ తనంతట తానే రాసుకుంటుంది."

"ఏం రాసుకుంటుంది?"

"ఎవరెవరు వచ్చారో."

ఉస్తాద్ రిఫాత్ కళ్లజోడు తీశాడు. "మన గురించి రిపోర్టు రాస్తోందా?"

మంగళవారం కమిటీ నిర్ణయం వెలువడింది. చదివి వినిపించింది జనరల్ గారే. నెర్మీన్ ఇంత స్పష్టమైన తీర్మానాన్ని ఎప్పుడూ వినలేదు. రిజిస్టరు ప్రకారం వెబ్‌సైట్ ఒకటి. అది పాత సర్వర్‌లో ఉన్నది. కొత్త సర్వర్‌లో ఉన్నది అదనపు వస్తువు. అదనపు వస్తువును కమిటీ సమక్షంలో నాశనం చేయవలెను. ఆపైన అసలు వెబ్‌సైట్‌ను గురువారం రెండు గంటలకు చట్టప్రకారం తరలించవలెను.

"పాషా, బుధవారం సాయంత్రం ఐదింటికి పాత సర్వర్ ఆపేస్తారు. గురువారానికి అక్కడ తరలించడానికి ఏమీ ఉండదు!"

"గడువు పొడిగించమని కంపెనీకి ఉత్తరం రాద్దాం," అన్నాడు రిఫాత్.

"రాయండి మరి! ఇప్పుడే పంపిస్తాను."

"గద్ద బొమ్మ ఉన్న సర్కారు ముద్ర పడాలి."

"వేయండి."

"ముద్ర మదామ్ ఇజ్లాల్ దగ్గరుంది. ఆవిడ జగజీగ్ వెళ్లింది, కూతురి పురుడికి. బీరువా తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది."

"ఎప్పుడొస్తారు?"

"అది పుట్టబోయే బిడ్డ చేతిలో ఉంది."

నెర్మీన్ ఏదో అనబోయింది. జనరల్ గారు ఆమె ముందుకు ఒక ఫైలు జరిపారు. తండ్రిలా, ఎంతో ఆప్యాయంగా. పైన అదనపు వస్తువు నాశనం చేసిన పంచనామా, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో టిక్కు. దాని కింద గురువారం తరలింపు పంచనామా. ఆ కింద మూడో కాగితం. దాని మీద ఆమె పేరు, పక్కన "పర్మనెంట్" అన్న మాట.

"కాగితాలు వరసలో ఉన్నాయి తల్లీ," అన్నారు. "పైది కదలకుండా కిందది కదలదు."

ఆమెకి అయిదు నిమిషాలు బాత్రూముకి వెళ్లడానికి అనుమతి దొరికింది. పంచనామాలో అది కూడా రాశారు. కారిడార్‌లో తన టేబుల్ మీది లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చి ఉందని, ఉదయం నుంచీ సైట్ మొత్తం అందులోకి దిగుతోందని మాత్రం రాయలేదు, వాళ్లకి తెలియదు కాబట్టి. నూటికి నూరు శాతం దిగింది. తాళాల గుత్తికి తగిలించి బ్యాగులో వేసుకుని వచ్చి కూర్చుంది. ఇప్పుడామె గుండె కుదుటపడింది. వీళ్ల తమాషా అయ్యాక నలభై నిమిషాలు చాలు.

కమిటీ ముందున్న కంప్యూటర్‌లో డిలీట్ నొక్కింది. "ఖచ్చితంగా తొలగించాలా?" అని స్క్రీన్ మీద వచ్చింది.

"ఎవరు అడుగుతున్నారు?" అన్నారు జనరల్ గారు.

"కంప్యూటర్ పాషా."

"దాని ర్యాంకు ఏంటి?"

"ఏమీ లేదు పాషా."

"అయితే సమాధానం చెప్పక్కర్లేదు. నొక్కు."

బుధవారం సాయంత్రం నాలుగున్నరకి నెర్మీన్ పాత కంపెనీకి ఫోన్ చేసింది. ఎవరో అబ్బాయి ఎత్తాడు. వెనక స్క్రూలు విప్పుతున్న చప్పుడు. "ఇంకొక్క రోజు అన్నా, ప్లీజ్. మీరు కూడా ఈజిప్టువాళ్లేగా, మా ఆఫీసు ఎలా ఉంటుందో తెలియదా?" అంది.

"తెలుసు అక్కా. మాకు ఇరవై ముగ్గురు కస్టమర్లు, అందరూ మీలాంటి ఆఫీసులే. అందుకే మూసేస్తున్నాం."

అయిదింటికి, ఆ పెన్‌డ్రైవ్‌లో తప్ప, తిమ్సా సరస్సు గాలం క్లబ్బు వెబ్‌సైట్ ఈ లోకంలో ఎక్కడా లేదు. పద్నాలుగేళ్ల పోటీల ఫలితాలు, సభ్యుల ఫోటోలు, చందమామ ప్రకారం చేపలు ఎప్పుడు కొరుకుతాయో చెప్పే పట్టిక, అన్నీ ఇంటర్నెట్ నుంచి పోయాయి. నెర్మీన్ పరుగున జనరల్ గారి గదిలోకి వెళ్లింది. సభ ఏర్పాట్ల వల్ల ఆ రోజు ఆఫీసు రెండింటికి మూయలేదు, కమిటీ మొత్తం అక్కడే ఉంది. రేపటికి మైకు సరిపోతుందా లేదా అని చర్చ నడుస్తోంది.

"పాషా, సైట్ పోయింది. పాతది ఆపేశారు, కొత్తది మనమే చెరిపేశాం. ఎక్కడా లేదు."

"అదనపుది పోయినట్టేనా?" అన్నాడు హాజీ, ఆశగా.

"అన్నీ పోయాయి!"

హాజీ రిజిస్టరు తెరిచి చూశాడు. "రెండు వందల పద్నాలుగు, వెబ్‌సైట్, ఒకటి. ఇక్కడుంది కదమ్మా, కంగారెందుకు?"

"పోయిందని రాస్తే ఎవరి మీద కేసు పెట్టాలి?" అని రిఫాత్ అడిగాడు, చట్టం మీది ఆసక్తి కొద్దీ.

"నా మీద," అన్నాడు హాజీ. "అందుకే చెబుతున్నా, ఉంది."

ఇక లాభం లేదనుకుంది నెర్మీన్. తాళాల గుత్తి పైకెత్తి పెన్‌డ్రైవ్ చూపించింది. "మొత్తం ఇందులో ఉంది. నలభై నిమిషాలివ్వండి. మళ్లీ పెట్టేస్తాను. రేపు నిజంగానే ప్రారంభించొచ్చు."

అయిదుగురూ ఒక్కసారే లేచారు. బాంబు చూసినట్టు చూశారు.

"మళ్లీ ఇంకోటా!" హాజీ గుండె పట్టుకున్నాడు.

"క్లబ్బు ఆస్తి... ఆడపిల్ల హ్యాండ్‌బ్యాగులో..." రిఫాత్ ఏ సెక్షనో వెతుక్కున్నాడు. ఒకటి దొరికినట్టుంది, పెదాలు కదిలాయి. "దీని ప్రకారం ఇప్పుడే రిపోర్టు రాయాలి."

"నిన్న చెరిపేశామని సంతకం పెట్టింది నువ్వే కదా?" అన్నారు జనరల్ గారు. గొంతు చాలా మృదువుగా ఉంది. "నువ్వు ఇప్పుడేదో అన్నావు. నేను వినలేదు. రిఫాత్, నువ్వు విన్నావా?"

"మీరు వినకపోతే నేనెలా వింటాను పాషా?"

"హాజీ?"

"నాకు ఈ చెవి సరిగ్గా వినబడదు."

"ఇటు పక్క నుంచి కదా మాట్లాడింది?"

"ఇది కూడా వినబడదు."

నెర్మీన్ తాళాల గుత్తి బ్యాగులో వేసుకుంది. జిప్ చప్పుడు గదంతా వినబడింది.

గురువారం మహాఘట్టం. సిమ్సిమియ్యా అనే తంత్రీవాద్యం వాయించే బృందం వచ్చి కాలవ పాటలు వాయించింది. మామిడిరసం, నంజుకోవడానికి వేయించిన చిన్న చేపలు. ముఖ్య అతిథి, మంత్రిత్వ శాఖ అండర్‌సెక్రటరీ గారు, నాలుగుంపావుకి వచ్చారు. అయినా కార్యక్రమం సరిగ్గా రెండు గంటలకే మొదలైంది, ఎందుకంటే జనరల్ గారు హాల్లో గోడ గడియారం బ్యాటరీ రెండింటికే తీయించి జేబులో పెట్టుకున్నారు.

హాల్లో రెండు టేబుళ్లు. ఒకదాని మీద "పాత సర్వర్", రెండోదాని మీద "కొత్త సర్వర్" అని అట్టలు. మధ్యలో నీలం తివాచీ. హాజీ మిత్వల్లీ ఇస్త్రీ బట్టల్లో, రెండు చేతుల మీద రిజిస్టరు మోసుకుంటూ, తివాచీ మీద నడిచి ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి వెళ్లాడు. మధ్యలో ఒకచోట కాలు తడబడింది. జనం అల్లాను తలుచుకున్నారు. ఒడ్డుకి చేరాడు. చప్పట్లతో హాలు మోగిపోయింది. ముందు వరుసలో ఒక పెద్దాయన నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

అండర్‌సెక్రటరీ గారు తెర లాగారు. తెర వెనక వెబ్‌సైట్ మొదటి పేజీ, మూడు మీటర్ల ఫ్లెక్సీ మీద, గాఢమైన నీలం రంగులో.

"అద్భుతం," అన్నారాయన. ఫోన్ తీసి ఏదో నొక్కారు. నుదురు ముడిపడింది. "నా ఫోన్‌లో తెరుచుకోవడం లేదే?"

వాద్యబృందం ఆగింది.

"భద్రత సర్," అన్నారు జనరల్ గారు, రెప్ప వేయకుండా.

"అంటే?"

"బయటివాళ్లెవరూ లోపలికి రాలేరు సర్. మీరు కూడా రాలేకపోయారంటే చూడండి."

"హ్యాకర్లు?"

"ప్రపంచంలో ఏ హ్యాకరూ మా వెబ్‌సైట్‌ని ముట్టుకోలేడు సర్. రాసిస్తాను."

ఆ రోజు అక్కడ జరిగిన ప్రసంగాలన్నింటిలో ఇంత నిజమైన మాట ఇంకోటి లేదని నెర్మీన్ ఈనాటికీ ఒప్పుకుంటుంది. అండర్‌సెక్రటరీ గారు చలించిపోయారు. మా మంత్రిత్వ శాఖ సైట్‌లోకైతే ఎవడు పడితే వాడు వచ్చేస్తున్నాడని వాపోయారు. గవర్నరేట్‌లోని నలభై ఒక్క క్లబ్బులూ నెలలోగా ఇదే పద్ధతిలో తమ వెబ్‌సైట్లను తరలించవలెనని అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు.

చివర్లో మూడో కాగితం చదివారు. నెర్మీన్ పర్మనెంట్. హోదా: వెబ్‌సైట్ పూచీదారు. హాజీ మిత్వల్లీ రిజిస్టరు ఆమె ముందు పెట్టాడు. "రెండు వందల పద్నాలుగు. వెబ్‌సైట్, ఒకటి, నీలం రంగు, మంచి స్థితిలో అందినది." ఆయన మొహం ముప్పై ఒక్కేళ్లలో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉంది. "ఇకనుంచి నీ పూచీ తల్లీ. సంతకం పెట్టు."

మూడో వరుసలో వాళ్లమ్మ ఉంది. పక్కన ఐదు అంతస్తులవాళ్లూ ఉన్నారు. నెర్మీన్ సంతకం పెట్టింది.

నెల గడిచింది. మౌసు ఇంటికెళ్లలేదు. మగ్గు కూడా టేబుల్ మీదే ఉంది.

ఒక ఉదయం బయూమీ వచ్చాడు. వయసు మళ్లిన మనిషి, క్లబ్బులో పాత సభ్యుడు. ఒకప్పుడు ఈ సరస్సులో పదకొండు కిలోల చేపని ఒంటిచేత్తో లాగాడు. దాన్ని ఎత్తి పట్టుకున్న ఫోటో సైట్‌లో ఉండేది. రోజూ కాఫీహౌస్‌లో హుక్కా వెలిగించుకుని ఆ ఫోటో అందరికీ చూపించేవాడు.

"అమ్మాయ్, నా చేప కనబడట్లేదు," అన్నాడు. "నెల నుంచి ఆ షహ్హాతా గాడు, అసలు చేపే లేదు, నువ్వు కల కన్నావు అంటున్నాడు. నిన్నైతే డొమినోలు ఆడుతూ అందరూ కలిసి నవ్వారు. ఒక్కసారి ఆ ఫోటో కనిపించేట్టు చెయ్యి తల్లీ. నీకు ఎంతసేపు పని?"

"నలభై నిమిషాలు బాబాయ్," అంది నెర్మీన్.

బ్యాగు తెరిచింది. తాళాల గుత్తి తీసింది. పెన్‌డ్రైవ్ మూత లాగి, కంప్యూటర్ వైపు వంగింది.

తలుపు తెరుచుకుంది. హాజీ మిత్వల్లీ, చంకలో రిజిస్టరు. వార్షిక తనిఖీ.

"కుర్చీ ఒకటి. ఉంది. మౌసు... ఇది నీదేలే. వెబ్‌సైట్ ఒకటి?"

"ఉంది హాజీ."

"ఎక్కువ ఏమైనా?"

బయూమీ ఆమె వంక చూస్తున్నాడు. ఆమె వేళ్ల మధ్య పెన్‌డ్రైవ్ ఉంది. మూత పెట్టింది. గుత్తి బ్యాగులో వేసి జిప్ లాగింది.

"ఏమీ లేదు హాజీ."

హాజీ టిక్కు పెట్టుకుని, ఆమె నెత్తిన దీవెన ఒకటి పారేసి వెళ్లిపోయాడు.

"మరి నా చేప?" అన్నాడు బయూమీ.

నెర్మీన్ సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి, లెక్కపెట్టి, ఆయన ముందుకు జరిపింది.

"అప్లికేషన్ రాయండి బాబాయ్. మూడు కాపీలు. నీలం ఇంకుతో."